చుట్టాలొచ్చిన సాయంత్రం: బాణలిలో దాగిన విజ్ఞానం

సాయంత్రం ఆరు గంటలకు ఫోను మోగుతుంది. "వదినా, మీ వీధి చివరే ఉన్నాం. పది నిమిషాల్లో వచ్చేస్తున్నాం." అంతే, వంటింట్లో హడావుడి మొదలవుతుంది. అలమరలో శనగపిండి డబ్బా ఉంది. బుట్టలో నాలుగు ఉల్లిపాయలున్నాయి. ఒక అప్పడాల కట్ట, కాసిని మరమరాలు ఉన్నాయి. ఫ్రిజ్‌లో గిన్నెడు ఇడ్లీ పిండి మిగిలింది. పొయ్యి పక్కన పొద్దున వండిన అన్నం, మొన్న గారెలు వేయించిన నూనె కూడా ఉన్నాయి.

అరగంటలో నలుగురికి సరిపడా ఫలహారం చేయడానికి ఈ సరుకు చాలు. అయితే ఈ జాబితాలో చివరి రెండింటి దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగాలి. మిగిలిన అన్నం, మిగిలిన నూనె పారేయడానికి మనసొప్పని వస్తువులు. తొందరలో చేతికి ముందుగా అందేవి కూడా అవే. అతిథి కడుపును ఇబ్బంది పెట్టే అవకాశం ఎక్కువగా ఉన్నవీ అవే. పకోడీ ఎందుకు కరకరలాడుతుందో, అప్పడం ఎందుకు పొంగుతుందో తెలిస్తే, ఏది వాడాలో ఏది పక్కన పెట్టాలో కూడా సులువుగా అర్థమవుతుంది.

సగం వంట ముందే అయిపోయిన సరుకు

బియ్యం ఉడకడానికి సమయం పడుతుంది. అటుకులు మాత్రం తడిపితే చాలు, తినడానికి సిద్ధం. రెండూ వడ్ల నుంచి వచ్చినవే. తేడా అంతా తయారీలో ఉంది. అటుకుల కోసం వడ్లను నానబెట్టి, వేయించి, వేడి మీదనే అదిమి చదును చేస్తారు. ఆ తడి, ఆ వేడి కలిసి గింజలోని పిండిపదార్థాన్ని ముందుగానే ఉడికిస్తాయి. గట్టిగా అమరి ఉన్న పిండిపదార్థపు రేణువులు నీటిని పీల్చుకుని, ఉబ్బి, తమ అమరికను కోల్పోతాయి. ఒకసారి ఈ మార్పు జరిగిన గింజకు మళ్లీ పొయ్యి అక్కర్లేదు. పలుచని రేకులా ఉంటుంది కాబట్టి నీరు నిమిషంలోనే లోపలిదాకా చేరుతుంది.

మరమరాల కథ ఇంకాస్త నాటకీయంగా ఉంటుంది. ఉప్పుడు బియ్యాన్ని బాగా కాగిన ఇసుకలో వేసి కలియబెడితే, గింజలో మిగిలిన కొద్దిపాటి తేమ ఒక్కసారిగా ఆవిరవుతుంది. ఆ ఆవిరి బయటికి వచ్చే దారిలో గింజను ఉబ్బించి, లోపలంతా సన్నని గాలి గదులను మిగిల్చి పోతుంది. తేమ దాదాపు లేకపోవడం, గోడలు పలుచగా ఉండడం వల్ల పంటి కింద పడగానే విరుగుతాయి. కరకర శబ్దం ఆ విరుగుడుదే.

ఈ గాలి గదుల గోడలకు తేమ తగిలితే పరిస్థితి మారిపోతుంది. నీటి అణువులు పిండిపదార్థపు గొలుసుల మధ్య దూరి వాటిని కదిలేలా చేస్తాయి. గోడ విరగడం మానేసి వంగుతుంది. అందుకే మరమరాల మిక్చర్‌లో ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం వడ్డించే ముందే కలపాలి. ఐదు నిమిషాలు ముందుగా కలిపినా మెత్తబడిపోతుంది. డబ్బాలో మెత్తబడిన మరమరాలను ఒట్టి మూకుడులో రెండు నిమిషాలు వేడి చేస్తే, తేమ పోయి మళ్లీ కరకరలాడతాయి.

రాయలసీమ వంట ఇదే గుణాన్ని తలకిందులు చేసి వాడుకుంది. అక్కడ బొరుగులని పిలిచే మరమరాలను కావాలనే నీళ్లలో వేసి, పిండి, తాలింపులో కలిపి, పుట్నాల పొడి చల్లుతారు. అదే ఉగ్గాని. పక్కన మిరపకాయ బజ్జీ ఉంటే అనంతపురం, కర్నూలు వైపు మరో మర్యాద అక్కర్లేదు. పావుగంటలో అయ్యే ఈ వంటలో ఉడికించే పని లేదు. ఆ పని మరమరాల బట్టీ ఎప్పుడో చేసి పెట్టింది.

పొయ్యి కూడా వెలిగించకుండా అయ్యేది వడపప్పు. శ్రీరామనవమికి మాత్రమే గుర్తొచ్చే ఈ పదార్థం అనుకోని అతిథికి కూడా చక్కగా పనికొస్తుంది. పొట్టుతో ఉన్న పెసలు నానడానికి రాత్రంతా పట్టవచ్చు. నీటిని అడ్డుకునే పొట్టు పోయి, బద్దలుగా విడిన పెసరపప్పు గోరువెచ్చని నీళ్లలో అరగంటకల్లా మెత్తబడుతుంది. దానిలో కొబ్బరి కోరు, దోసకాయ ముక్కలు, పచ్చిమిర్చి వేసి నిమ్మకాయ పిండితే సరి. నిమ్మరసం రుచికి మాత్రమే కాదు. అందులోని విటమిన్ సి, పప్పులోని ఇనుము శరీరానికి బాగా అందేలా చేస్తుంది.

ఉల్లిపాయే నీళ్లిస్తుంది

పకోడీకి పిండి కలపడంలో చాలామంది చేసే పొరపాటు ముందే నీళ్లు పోయడం. ఉల్లిపాయలో నూటికి 85 పాళ్లకు పైగా నీరే ఉంటుంది. సన్నగా తరిగి ఉప్పు చల్లి, చేత్తో నలిపి పది నిమిషాలు వదిలేస్తే ఆ నీరు బయటికి వస్తుంది. కణం లోపలి కన్నా బయట ఉప్పు గాఢత ఎక్కువ కావడంతో, కణ పొర గుండా నీరు బయటికి ప్రవహిస్తుంది. దీన్నే ద్రవాభిసరణం అంటారు. ఆవకాయ ముక్కలకు ఉప్పు పట్టించినప్పుడు ఊట ఊరేది కూడా ఇలాగే. ఆ ఊటలోనే శనగపిండి కలిపితే చాలావరకు వేరే నీళ్లు అక్కర్లేదు. పిండిలో నీరు ఎంత తక్కువైతే బాణలిలో ఆవిరి కావాల్సిన నీరు అంత తక్కువ. పకోడీ అంత త్వరగా గట్టిపడుతుంది.

శనగపిండిలో ప్రొటీన్ సుమారు 20 శాతం ఉంటుంది. వేడికి గడ్డకట్టి ముక్కలను పట్టి ఉంచేది ఈ ప్రొటీనే. నాలుగు వంతుల శనగపిండికి ఒక వంతు బియ్యప్పిండి కలిపితే పైపొర మరింత పెళుసుగా వస్తుంది. బియ్యప్పిండిలో ప్రొటీన్ తక్కువ, పిండిపదార్థం ఎక్కువ. ఇక పిండిలో చెంచాడు వేడి నూనె పోయడం పెద్దల అలవాటు. ఆ నూనె పిండి రేణువుల చుట్టూ పూతలా పట్టి, అవన్నీ కలిసి జిగురు ముద్ద కాకుండా అడ్డుపడుతుంది. అందుకే పకోడీ గుల్లగా వస్తుంది.

వంట సోడా సంగతి వేరు. వేడి తగిలితే అది విడిపోయి కార్బన్ డై ఆక్సైడ్‌ను విడుదల చేస్తుంది. ఆ బుడగలు పిండిని తేలిక చేస్తాయి. పిండిలో పెరుగో మజ్జిగో ఉంటే, వాటి ఆమ్లంతో కలిసి వాయువు అక్కడికక్కడే పుడుతుంది. అలాంటి పిండిని కలిపిన వెంటనే వేయించాలి, లేకపోతే బుడగలు గాలిలో కలిసిపోతాయి. సోడా ఎక్కువైతే రెండు నష్టాలున్నాయి. క్షారగుణం పెరిగి పైపొర తొందరగా ఎర్రబడుతుంది, లోపల పచ్చిగా ఉండిపోతుంది. సబ్బు లాంటి రుచి కూడా వస్తుంది. అంతకన్నా ముఖ్యం సోడియం. ఒక గ్రాము వంట సోడాలో సుమారు 270 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. రోజు మొత్తానికి 2,000 మిల్లీగ్రాములు దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. వచ్చిన అతిథికి రక్తపోటు ఉంటే, చెంచాడు సోడా చిన్న విషయం కాదు. చిటికెడు చాలు. ఉల్లి పకోడీకి అది కూడా లేకపోయినా ఫర్వాలేదు.

నూనెలో పడ్డాక ఏం జరుగుతుంది?

వేయించడానికి అనువైన వేడి 170 నుంచి 190 డిగ్రీల సెల్సియస్. నీరు మరిగేది 100 డిగ్రీల దగ్గర. అందువల్ల పిండి ముద్ద నూనెలో పడగానే దాని పైపొరలోని నీరు ఆవిరై బుసబుసమంటూ బయటికి వస్తుంది. ఆ బుడగలు నూనెవి కావు, నీటి ఆవిరివి. ఆవిరి బలంగా బయటికి తోసుకొస్తున్నంతసేపూ నూనె లోపలికి పోలేదు. పైపొర ఎండి గట్టిపడుతుంది. లోపలి భాగంలో నీరు మిగిలి ఉన్నంతవరకు అక్కడి వేడి 100 డిగ్రీల దగ్గరే ఉంటుంది. అంటే పకోడీ బయట వేగుతుంది, లోపల ఆవిరి మీద ఉడుకుతుంది.

పైపొర ఎండి, వేడి 140 డిగ్రీలు దాటాక రంగు మారడం మొదలవుతుంది. ప్రొటీన్లలోని అమైనో ఆమ్లాలు, చక్కెరలు కలిసి వందల రకాల కొత్త పదార్థాలుగా మారతాయి. బంగారు రంగు, కమ్మని వాసన వీటివే. 1912లో ఈ చర్యను వివరించిన ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లూయీ కమీ మయార్ పేరుతో దీన్ని మయార్ చర్య అంటారు. అతిథి గుమ్మంలోకి రాగానే వాసన పసిగట్టేది ఈ చర్యనే.

ఇదే చర్య శృతి మించితే ఒక అవాంఛిత పదార్థం కూడా పుడుతుంది. ఆస్పరజీన్ అనే అమైనో ఆమ్లం, చక్కెరలు కలిసి 120 డిగ్రీల పైన అక్రిలమైడ్‌గా మారతాయని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తల పరిశీలన తర్వాత ప్రపంచానికి తెలిసింది. దీన్ని మనుషుల్లో క్యాన్సర్‌కు కారణం కాగల పదార్థాల వర్గంలో చేర్చారు. బంగాళాదుంపలో ఆస్పరజీన్ ఎక్కువ. దుంపలను ఫ్రిజ్‌లో ఉంచితే, చలికి వాటిలోని పిండిపదార్థం కొంత చక్కెరగా మారుతుంది. ఆ దుంపలతో చిప్స్ వేయిస్తే త్వరగా నల్లబడతాయి, అక్రిలమైడ్ కూడా ఎక్కువ తయారవుతుంది. అందుకే బంగాళాదుంపల చోటు ఫ్రిజ్ కాదు, గాలి తగిలే చీకటి మూల. వేయించినప్పుడు బంగారు రంగు దగ్గరే ఆపాలి, ముదురు గోధుమ రంగు దాకా పోనివ్వకూడదు.

తొందర పడితే నూనె చల్లబడుతుంది

అతిథులు హాల్లో కూర్చున్నారు. ఒకేసారి బాణలి నిండా పకోడీలు వేస్తే పని త్వరగా అవుతుందనిపిస్తుంది. లెక్క వేరుగా ఉంది. నీరు ఆవిరి కావడానికి చాలా వేడి కావాలి. 100 డిగ్రీల దగ్గరున్న ఒక గ్రాము నీటిని ఆవిరిగా మార్చడానికి సుమారు 2,260 జౌళ్ల శక్తి ఖర్చవుతుంది. దీన్నే గుప్తోష్ణం అంటారు. అర లీటరు నూనెను ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 900 జౌళ్లు చాలు. ఈ లెక్కన, పొయ్యి నుంచి వేడి అందకపోతే, పిండిలోని 10 గ్రాముల నీరు వేడెక్కి ఆవిరి కావడానికే అర లీటరు నూనె దాదాపు 28 డిగ్రీలు చల్లబడుతుంది. పది గ్రాములంటే రెండు చెంచాల నీరు. పొయ్యి కొంత భర్తీ చేస్తుంది కానీ, బాణలి నిండిపోతే అందుకోలేదు. నూనె చల్లబడితే ఆవిరి తోపుడు తగ్గుతుంది, పైపొర గట్టిపడడానికి ఎక్కువసేపు పడుతుంది, పకోడీ మెత్తగా నూనె ఓడుతూ వస్తుంది. విడతకు కొన్ని చొప్పున వేయడమే నిజానికి త్వరగా అయ్యే పద్ధతి.

నూనె వేడిని చూడడానికి ఉష్ణమాపకం లేకపోయినా ఇబ్బంది లేదు. చిన్న పిండి చుక్క వేసి చూడాలి. అది కిందికి దిగి వెంటనే బుడగలతో పైకి తేలితే వేడి సరిపోయినట్టు. అడుగునే ఉండిపోతే ఇంకా కాగాలి. పడీపడగానే నల్లబడినా, నూనె పొగ చిమ్మినా మంట తగ్గించాలి.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పకోడీ నూనె పీల్చేది ఎక్కువగా బాణలిలో ఉన్నప్పుడు కాదు, బయటికి తీశాక. తీయగానే లోపలి ఆవిరి చల్లబడి నీరవుతుంది. రంధ్రాల్లో ఒత్తిడి పడిపోతుంది. ఆ ఖాళీ, పైన అంటుకున్న నూనెను లోపలికి లాగేస్తుంది. అందువల్ల చిల్లుల గరిటెతో తీసి, బాణలి మీదే రెండుసార్లు విదిలించి, వెంటనే కాగితం మీద పరచడానికి అర్థముంది. ఐదు నిమిషాలాగి కాగితం మీద వేస్తే అప్పటికే ఆలస్యమైనట్టు. ఒకదాని మీద ఒకటి పోసి మూత పెట్టినా పని చెడుతుంది. బయటికి వచ్చే ఆవిరి మూతకు తగిలి నీరై, కరకరలాడే పొరను మెత్తబరుస్తుంది.

సోడా అక్కర్లేని పునుగు, నూనె అక్కర్లేని అప్పడం

ఫ్రిజ్‌లోని ఇడ్లీ పిండి ఇలాంటి వేళ పెద్ద ఆసరా. రాత్రంతా పులిసినప్పుడు లూకోనోస్టాక్ వంటి బ్యాక్టీరియా అందులో లాక్టిక్ ఆమ్లాన్ని, కార్బన్ డై ఆక్సైడ్‌ను తయారు చేసి పెట్టాయి. మినప్పిండి జిగురు ఆ బుడగలను పట్టి ఉంచింది. అందులో కాస్త బియ్యప్పిండి, ఉల్లిపాయ, జీలకర్ర, పచ్చిమిర్చి కలిపి వేయిస్తే పునుగులు తయారు. విజయవాడ వీధి బండ్ల మీద సాయంత్రం పూట కనిపించే ఈ పునుగులు గుండ్రంగా పొంగడానికి సోడా పని లేదు.

అప్పడం అంతకన్నా త్వరగా అవుతుంది. మినప్పిండిలో క్షారగుణమున్న అప్పడాల కారం కలిపి, పలుచగా వత్తి ఎండబెట్టినా, అందులో కొద్దిగా తేమ మిగిలే ఉంటుంది. కాగిన నూనెలో ఆ తేమ మూడు నాలుగు సెకన్లలో ఆవిరై అప్పడాన్ని పొంగిస్తుంది. నూనె సరిగా కాగకపోతే తేమ నెమ్మదిగా తప్పించుకుపోతుంది, అప్పడం పొంగకుండా గట్టిపడుతుంది. ఈ పొంగుకు కావలసింది వేడి మాత్రమే, నూనె కాదు. నిప్పు సెగ మీద కాల్చినా, మైక్రోవేవ్ పొయ్యిలో నిమిషం లోపు ఉంచినా అదే పని జరుగుతుంది. నూనె తగ్గించమని వైద్యులు చెప్పిన అతిథికి ఇది మంచి మార్గం. అప్పడంలో ఉప్పు ఎక్కువేనన్నది మాత్రం గుర్తుండాలి.

మొన్నటి నూనె

ఒకసారి కాగిన నూనెలో మూడు మార్పులు జరుగుతాయి. పదార్థంలోంచి వచ్చిన నీరు నూనె అణువులను విడగొట్టి స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలను వదులుతుంది. గాలిలోని ఆక్సిజన్ తగిలి ఆల్డిహైడ్‌ల వంటి హానికర పదార్థాలు పుడతాయి. కొన్ని అణువులు ఒకదానికొకటి అతుక్కుని పెద్ద గొలుసులవుతాయి. పాత నూనె చిక్కగా, జిగటగా ఉండడానికి ఈ గొలుసులే కారణం. స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు పెరిగిన నూనె తక్కువ వేడికే పొగ చిమ్ముతుంది. అలాంటి నూనెను పదేపదే తినిపించిన జంతువుల్లో రక్తపోటు పెరగడం, రక్తనాళాల పనితీరు దెబ్బతినడం పరిశోధనల్లో కనిపించింది.

చెడిన నూనెను కొలవడానికి ఒక ప్రమాణముంది. విచ్ఛిన్నమైన పదార్థాల మొత్తాన్ని ధ్రువ సమ్మేళనాలుగా లెక్కిస్తారు. ఇవి 25 శాతం దాటిన నూనెను వాడకూడదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిర్దేశించింది. 2018 జులై 1 నుంచి ఇది అమల్లో ఉంది. హోటళ్లు, చిరుతిళ్ల తయారీ కేంద్రాల్లో వాడేసిన నూనెను సేకరించి బయోడీజిల్‌గా మార్చే రూకో కార్యక్రమం కూడా అదే ఏడాది మొదలైంది.

ఇంట్లో కొలిచే సాధనం ఉండదు కానీ కళ్లు, ముక్కు ఉన్నాయి. రంగు ముదిరినా, చిక్కబడినా, కాగేటప్పుడు నురగ ఆగకుండా వచ్చినా, ముక్కిన వాసన వేసినా ఆ నూనె పని అయిపోయినట్టే. దానిలో కొత్త నూనె కలిపితే బాగుపడదు. పాత నూనెలోని చెడిన పదార్థాలు కొత్త నూనెను కూడా త్వరగా పాడుచేస్తాయి. ఒకసారి వేయించిన నూనెను వడకట్టి, ఒకటి రెండు రోజుల్లో కూరలకు వాడేయాలని, మళ్లీ వేయించడానికి వాడవద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సలహా. దీన్ని పాటించడానికి సులువైన దారి, వెడల్పాటి పెద్ద బాణలికి బదులు చిన్న లోతైన మూకుడు వాడడం. తక్కువ నూనెతోనే పని జరుగుతుంది, మిగిలేది కొంచెమే.

పొద్దుటి అన్నం

అన్నం పకోడీ రుచిగానే ఉంటుంది. ఆ అన్నం ఎక్కడ, ఎంతసేపు ఉందన్నదే ప్రశ్న. బియ్యంలో బేసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా సిద్ధబీజాల రూపంలో సాధారణంగానే ఉంటుంది. అన్నం ఉడికే వేడికి అవి చావవు. గది వేడిలో గంటల తరబడి ఉన్న తడి అన్నంలో అవి మొలకెత్తి, పెరిగి, సెరులైడ్ అనే విషాన్ని వదులుతాయి. ఈ విషం మొండిది. 121 డిగ్రీల వేడిలో గంటకు పైగా ఉంచినా చెక్కుచెదరదు. నూనెలో వేయించినప్పుడు పకోడీ లోపలి వేడి 100 డిగ్రీలే కదా. బ్యాక్టీరియా చస్తుంది, విషం మిగిలిపోతుంది. ఆరు గంటల లోపే వాంతులు మొదలవుతాయి. అన్నానికి వాసన, రంగు మారకపోవచ్చు కాబట్టి చూసి తెలుసుకోలేం.

పొద్దున ఎనిమిదికి వండి, సాయంత్రం ఆరు దాకా పొయ్యి పక్కనే ఉన్న అన్నాన్ని అతిథికి పెట్టకపోవడమే మంచిది. వండిన రెండు గంటల్లోపు పళ్లెంలో పలుచగా ఆరబోసి, ఫ్రిజ్‌లో 5 డిగ్రీల లోపు ఉంచిన అన్నమైతే మర్నాటికి నిశ్చింతగా వాడుకోవచ్చు. చింతపండు పులుపు బ్యాక్టీరియా పెరుగుదలను నెమ్మదింపజేస్తుంది. ప్రయాణాలకు పులిహోర కట్టుకెళ్లే అలవాటు వెనక ఉన్నది ఇదే. అయితే అన్నం వేడిగా, తాజాగా ఉన్నప్పుడే పులుపు కలపాలి. సాయంత్రం దాకా ఉన్న అన్నంలో అప్పుడు చింతపండు కలిపితే, అప్పటికే పుట్టిన విషం పోదు.

మంట అంటుకుంటే

మాటల్లో పడి పొయ్యి మరిచిపోయే సందర్భం కూడా ఇదే. బాణలిలో నూనె అంటుకుంటే నీళ్లు చల్లకూడదు. నీరు నూనె కన్నా బరువు, అడుగుకు చేరి క్షణంలో ఆవిరవుతుంది. ఆవిరైన నీరు దాదాపు 1,600 రెట్లకు పైగా వ్యాకోచించి, మండుతున్న నూనెను వంటిల్లంతా చిమ్ముతుంది. పొయ్యి ఆర్పి, బాణలిని కదపకుండా లోహపు మూత పెట్టేస్తే గాలి అందక మంట ఆగిపోతుంది. చేతి మీద నూనె చిందితే పేస్టు, ఇంకు పూయకుండా 20 నిమిషాలపాటు కుళాయి చల్లని నీటి ధార కింద ఉంచాలి. గాయం పెద్దదైతే ఆసుపత్రికి వెళ్లాలి.

అరగంటలో పని క్రమం

ఫోను పెట్టేయగానే పెసరపప్పు గోరువెచ్చని నీళ్లలో నానబోయాలి. తర్వాత ఉల్లిపాయలు తరిగి ఉప్పు కలిపి పక్కన పెట్టాలి. అవి ఊరేలోపు అప్పడాలు కాల్చి, మరమరాలు వేడి చేసుకోవచ్చు. అతిథులు చెప్పులు విప్పుతున్నప్పుడు మూకుడులో కొత్త నూనె పోయాలి. వాళ్లు మంచినీళ్లు తాగేసరికి మొదటి విడత పకోడీలు కాగితం మీదికి వస్తాయి. కబుర్లు మొదలయ్యాక మరమరాల్లో ఉల్లి, నిమ్మరసం కలపాలి. పప్పు నానేసరికి రెండో విడత పకోడీలు కూడా సిద్ధం.

పొయ్యి పక్కనున్న పొద్దుటి అన్నం, మొన్నటి నూనె మాత్రం ఆ పళ్లెంలోకి రాకూడదు.